లైట్ల పెట్టెలతో గద్వాల నుంచి తిమ్మాజిపేట దాకా

సదురుడు

నా సూట్‌కేసు ఇరవై రెండు కిలోలు తూగింది. హైదరాబాదులో మా నాటక బృందం సామాను దాచే గదిలో పాత కాటా ఒకటుంది. కుర్మయ్యన్న నా సూట్‌కేసును దాని మీదికెక్కించి, ముల్లు ఆగేదాకా చూసి, "ఏందమ్మా, పెండ్లికి పోతున్నమా?" అన్నాడు.

ఊరూరా తిరిగే నాటకానికి లైట్లు వేసే పనిలో చేరాక అదే నా మొదటి టూరు. గద్వాల, ఆత్మకూరు, ఖిల్లా ఘణపూర్, నాగర్‌కర్నూల్, తిమ్మాజిపేట. ఎనిమిది రోజులు, ఐదు ఆటలు. మాది కోనసీమ, రావులపాలెం దగ్గర. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి హైదరాబాదులో ఒక ఆడిటోరియంలో రెండేళ్ళు పనిచేశాను. అక్కడ లైట్లు పైన కమ్మీలకు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి. కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందని అడగాల్సిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు. పొద్దున టిఫిన్ డబ్బాతో వెళ్ళి సాయంత్రం ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చేదాన్ని.

కుర్మయ్యన్నది తిమ్మాజిపేట పక్క పల్లె. యాభై దాటాయి. లైట్లూ సౌండూ రెండూ ఆయనే చూసేవాడు. కుడి భుజం పైకి లేవడం మానేశాక లైట్లకు నన్ను తీసుకున్నారు. మొదట్లో "కుర్మయ్య గారూ" అని పిలిస్తే, "గారు గీరు ఎందుకు, అన్నా అను" అన్నాడు. చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట మట్టిపనికి పుణె, షోలాపూర్ వైపు వలసపోయిన మనిషి. సామాను సర్దడం, ఆయన మాటలో సదురుడు, బడి కంటే ముందే నేర్చుకున్నానంటాడు.

"మా అమ్మ ఆర్నెల్ల సంసారం ఒక్క గోనెసంచిల కట్టేది. ఒక చేతిల సంచి, ఇంకో చేతిల నేను. నువ్వు గూడ గట్లనే. ఒక చేతిల పట్టినంతనే నీ సామాను. రెండో చెయ్యి పనికి ఉండాలె."

హెయిర్ డ్రయ్యరు, మూడు జతల చెప్పులు, ఎవరైనా భోజనానికి పిలిస్తే కట్టుకుందామని పెట్టుకున్న రెండు చీరలు బయటికొచ్చాయి. అమ్మ పంపిన ఆవకాయ సీసాను కూడా తీసి, కాసేపు చూసి, స్టీలు డబ్బాలోకి మార్చమన్నాడు. ఉండనిచ్చింది నల్ల చొక్కాలు మూడు, నల్ల ప్యాంట్లు రెండు. తెర పక్కన నిలబడే మనిషి జనానికి కనబడకూడదు కదా. రబ్బరు అడుగు బూట్లు, దుప్పటి, సొంత కంచం, గ్లాసు. ఇంత తీసేశాక మిగిలింది ఎనిమిది కిలోలు.

మా బృందాన్ని నడిపే జయ గారు అటుగా వచ్చి ఇంకో సలహా ఇచ్చారు. "ప్రసన్నా, నీళ్ళు తాగడం మానకు. బాత్రూము దొరకదని ఆడపిల్లలు నీళ్ళు మానేస్తారు. మూడోరోజుకి జ్వరం. దారిలో ఎక్కడ ఆపాలో డ్రైవరుకి నేను చెబుతాను." నా డిప్లొమా చదువులో, రెండేళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పని మాట అది.

బట్టల సంచీ కంటే పని సంచీ సర్దడానికి ఎక్కువసేపు పట్టింది. నల్ల టేపు, కటింగ్ ప్లేయరు, టెస్టరు, చేతొడుగులు, తలకు పెట్టుకునే లైటు. అన్నిటికంటే పైన, చెయ్యి పెట్టగానే తగిలేలా, కుర్మయ్యన్న సొంతంగా చేసిన టెస్టు ల్యాంపు. గొప్ప వస్తువేమీ కాదు. ఒక హోల్డరు, బల్బు, రెండు పొడవాటి వైర్లు. ఒక వైరు కొసను భూమిలో దిగ్గొట్టిన ఎర్తు రాడ్డుకు తగిలించి, రెండో కొసను స్టేజీ మీది ఇనుప వస్తువుకు ఆనించాలి. బల్బు వెలగకపోతే మంచిది. వెలిగితే ఆ ఇనుములోకి కరెంటు పారుతోందన్నమాట.

"మనోళ్ళు స్టేజి ఎక్కకముందు ఇనుమున్న ప్రతిదానికి పెట్టి సూడాలె. లైట్లు మంచిగ వడకపోతే జనం తిడ్తరు, గంతే. ఇది సూడకపోతే మనిషి పోతడు."

మా నాటకం ఒక బోరు కోసం ఇద్దరన్నదమ్ములు పడే తగువు. నవ్వించే నాటకమే. స్టేజీ మధ్యలో ఇనుప పైపులతో చేసిన పంపు, దాని పక్కన మోటారు వేసే నిజమైన స్టార్టరు డబ్బా ఉంటాయి. అన్న వేషం రాఘవ గారిది. ఇరవై ఏళ్ళుగా రంగస్థలం మీద ఉన్న మనిషి. నాటకంలో ఆ అన్న కాళ్ళకు చెప్పులు లేకుండా, బిందెతో నీళ్ళు పోసుకుని, ఆ పంపును కౌగిలించుకుని దానితో కష్టసుఖాలు చెప్పుకుంటాడు. నాటకంలో జనం ఎక్కువ నవ్వేది అక్కడే.

గద్వాల

ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పెద్దరోడ్డు దిగి గద్వాల చేరేసరికి పదకొండయింది. బస ఒక ఫంక్షన్ హాలు వెనక గదుల్లో. ముందు ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగులను పోపు వేసి, పుట్నాలపొడి కలిపి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. మావైపు బొరుగులంటే మరమరాలు, సాయంత్రం పిల్లలు కొరుక్కుతినేవి. ఇక్కడ అదే పొద్దుటి టిఫిను. బజ్జీ కారానికి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, కొట్టాయన అడక్కుండానే మజ్జిగ తెచ్చి పెట్టాడు.

హాలు వెనక గోడకు ఆనుకుని ఒక నేత ఇల్లుంది. మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంది. నేను గడప ముందు నీడలో కేబుళ్ళు చుడుతుంటే ఆ ఇంటావిడ సరోజమ్మ వచ్చి నిలబడింది. పుట్టిల్లు రాయచూరు వైపట. మొదట కన్నడంలో "ఊట ఆయితా?" అని, నేను తెల్లమొహం వేస్తే, "అన్నం తిన్నవా అంటున్న" అని నవ్వింది. తర్వాత ఆవిడ చూపు నా చేతుల మీద పడింది.

"గట్ల మోచేతికి చుడితే మెలి వడ్తది బిడ్డా. దారమైతే ఈపాటికి తెగిపోయేది."

నిజమే. మోచేతికి చుట్టిన కేబులు లోపల మెలితిరిగి, కొన్నాళ్ళకు తీగ తెగుతుంది. డిప్లొమాలో చెప్పారు, నేనే మరిచిపోయాను. ఆవిడ నా పక్కన కూర్చుని, తన ఇంట్లో దారం చుట్టే తీరులోనే, ఒక చుట్టు లోపలికి, ఒక చుట్టు బయటికి తిప్పి చూపించింది. ఆ పూట పద్నాలుగు కేబుళ్ళు ఇద్దరం కలిసి చుట్టాం. మగ్గం మీద ఉన్న చీర ఎంతని అడిగితే ధర చెప్పి, "నేను నేసినవి నేనెప్పుడు కట్టలె" అంది. మామూలుగానే చెప్పింది, బాధపడుతూ కాదు.

గద్వాల ఆట బాగా సాగింది. ఆడిటోరియంలో జనం చీకట్లో ఉంటారు, నాకు కనబడరు. ఇక్కడ మొదటి వరుస నా చేతికందే దూరంలో ఉంది. పంపు సీనులో ఒక ముసలాయన నవ్వుతూ నా బల్ల మీద రెండుసార్లు చరిచాడు. ఇంత తేలికా ఈ పని అనుకున్నాను.

ఆత్మకూరు

మర్నాడు జూరాల డ్యాము మీదుగా వెళ్ళాం. డ్యాము దగ్గర చేపల భోజనం చెయ్యకుండా దాటితే పాపమని రాఘవ గారు వ్యాను ఆపించారు. మాది గోదావరి, చేపల సంగతి నాకు చెప్పాలా అనుకుంటూనే కూర్చున్నాను. మావైపు చేపంటే పులుసు. ఇక్కడ నీళ్ళలోంచి తీసిన చేపకు కారం, అల్లం పట్టించి అప్పటికప్పుడు పెనం మీద వేయించి జొన్నరొట్టెతో పెట్టారు. ముళ్ళు ఏరుకుంటూ మాట్లాడుకుంటూ గంటన్నర కూర్చున్నాం. తర్వాత వ్యాను టైరు పంక్చరైంది. మూడింటికి చేరాల్సినవాళ్ళం ఐదున్నరకు ఆత్మకూరు చేరాం. ఏడింటికి ఆట.

స్టేజీ మైదానంలో మట్టి మీదే. కరెంటు ఇచ్చింది ఊళ్ళో టెంటు సామాను అద్దెకిచ్చే మహబూబ్ భాయి. నెమ్మదైన మనిషి. తన స్విచ్చిబోర్డు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

లీకేజీ వస్తే తనంతట తానే ఆగిపోయే స్విచ్చి మా బోర్డులో ఉంది. కానీ ఒక లైటు వైరు మా బోర్డు దాకా అందలేదు. పెట్టెలోంచి ఇంకో వైరు తీసి అతికే ఓపిక లేక, దాన్ని అలాంటి స్విచ్చి లేని మహబూబ్ భాయి బోర్డుకు పెట్టాను. ఆ వైరు పంపు కిందనుంచి పోయింది. పంపు ఇనుప పాదం దాని మీద నిలిచింది. నేను చూడలేదు.

ఏడుకు ఐదు నిమిషాలుండగా కుర్మయ్యన్న సౌండు బల్ల దగ్గరినుంచి అరిచాడు. "ల్యాంపు వెట్టి అన్ని సూసినవా?"

లైట్ల స్టాండ్లు రెండూ చూశాను. పంపు చూడలేదు. జనం ఈలలు వేస్తున్నారు.

"చూశానన్నా" అన్నాను.

పంపు సీను వచ్చింది. రాఘవ గారు బిందె ఎత్తి నీళ్ళు పోసుకున్నారు. రెండు చేతులతో పంపును పట్టుకున్నారు. మాట రాలేదు. నోరు తెరిచారు, ఒళ్ళంతా బిగుసుకుపోయింది. జనం అదీ నటనే అనుకుని ఒక్కసారి గొల్లున నవ్వారు. నేను కూడా ఒక క్షణం అలాగే అనుకున్నాను. అంతలో మొత్తం మైదానం చీకటైంది. మహబూబ్ భాయి మెయిను లాగేశాడు.

టార్చిలైట్ల వెలుగులో రాఘవ గారిని పడుకోబెట్టారు. ఊపిరి ఉంది, కళ్ళు తెరిచారు. ఎడమ అరచేయి కాలింది. జయ గారు, డ్రైవరు కలిసి ఆయన్ను వ్యానులో దవాఖానకు తీసుకెళ్ళారు.

తర్వాత జరిగింది చెప్పడం నాకు కష్టం. ఆట ఏర్పాటు చేసినవాళ్ళలో ఒకతను మహబూబ్ భాయి కాలరు పట్టుకున్నాడు. "నీ కరెంటుతోని మనిషి సచ్చిపోతుండె! ఏం బోర్డు వెట్టినవ్‌రా?" చుట్టూ ఇరవై మంది చేరారు. ఆయన చేతులు జోడించి, "నా బోర్డు మంచిగనే ఉన్నది సాబ్, జర సూడుండ్రి, సూసి మాట్లాడుండ్రి" అంటున్నాడు. ఎవరూ చూడటం లేదు.

నేను చూశాను. పంపు పాదం కింద నా వైరు. తొడుగు నలిగి రాగి బయటపడి ఉంది. నా బూటు దానికి జానెడు దూరంలో ఉంది. కాలితో తోస్తే వైరు పక్కకు జరిగిపోతుంది. అంత గొడవలో ఎవరూ గమనించరు. నిజం చెప్పాలంటే కాలు కొంచెం కదిలింది కూడా. అప్పుడే ఎవరో మహబూబ్ భాయి టోపీ కింద పడేశారు. ఆయన వంగి తీసుకుని, దులిపి పెట్టుకోబోతుంటే ఇంకొకడు భుజం మీద తోశాడు.

"ఆయన్ను వదలండి" అన్నాను. వినబడలేదు. మైకు పనిచెయ్యదు. గట్టిగా అరిచాను. "వైరు వేసింది నేను! ఇదిగో, ఇక్కడ. చూడకుండానే చూశానని చెప్పాను. ఆయన స్విచ్చి లాగబట్టే రాఘవ గారు బతికారు."

కాలరు పట్టుకున్నతను వదిలేశాడు. అందరూ నావైపు తిరిగారు. కుర్మయ్యన్న వచ్చి వంగి వైరు చూశాడు, నావైపు చూడలేదు. మహబూబ్ భాయి చొక్కా గుండీ తెగింది. దాన్ని నేలమీద వెతుక్కుంటూ, "పోనీయ్ అమ్మా, మనిషి బతికిండు గదా" అన్నాడు.

వనపర్తి

రాఘవ గారి గుండెకు ఏమీ కాలేదన్నారు. అయినా ఒకరోజు కనిపెట్టి చూడాలని వనపర్తి దవాఖానలో ఉంచారు. మేమందరం వనపర్తిలోనే ఒక లాడ్జిలో దిగాం.

పొద్దున జయ గారు నన్ను పిలిచారు. కోప్పడలేదు. "నిన్ను ఈరోజే బస్సెక్కించాలి. కానీ కుర్మయ్య భుజం లేవదు, మిగిలిన మూడు ఊళ్ళకూ మాటిచ్చాను. అందుకని ఉండు. టూరు అయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు. అంతే. ఎనిమిది కిలోల సంచీ సర్దుకునే ఉంచాను, తిరిగి విప్పాను.

కొబ్బరిబొండాం కొనుక్కుని దవాఖానకు వెళ్ళాను. దారిలో మార్కెట్టు దగ్గర పల్లీల బస్తాలు రోడ్డు దాకా పేర్చి ఉన్నాయి. పచ్చి పల్లీల వాసన వీధంతా. మావైపు ధాన్యం బస్తాల దగ్గర కూడా ఇలాగే ఉంటుంది, వాసనే వేరు.

రాఘవ గారు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. చేతికి కట్టు. క్షమించమన్నాను.

"నువ్వు చూడలేదని కాదు నాకు కోపం" అన్నారు. "ఆలస్యమైంది, నావల్లే, చేపలు చేపలని నేనే కూర్చోబెట్టాను. చూడలేదని ఒక్కమాట చెబితే ఆ సీను చేతులు పెట్టకుండా నడిపేవాణ్ణి. చూశానన్నావు. నేను అది విని ఎక్కాను."

బొండాం తీసుకున్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఖిల్లా ఘణపూర్

ఊరు ఎటు తిరిగినా కొండమీది కోట కనబడుతూనే ఉంటుంది. బడి మైదానం అంచున బండరాయి బయటికి తేలి ఉంది. ఎర్తు రాడ్డు దిగ్గొట్టబోతే ఖంగుమంది. మూడుచోట్ల ప్రయత్నించాను. మా ఊళ్ళో మూరెడు తవ్వితే నీళ్ళూరతాయి, రాడ్డును చేత్తో గుచ్చొచ్చు. ఇక్కడ నాలుగోచోట అడుగున్నర దిగింది, అదీ పొడిమట్టి. పొడిమట్టిలో ఎర్తు ఉన్నా లేనట్టే. చుట్టూ గుంత చేసి ఉప్పు వేసి నీళ్ళు పట్టించాలి.

మైదానం పక్కింటికి నీళ్ళడగడానికి వెళ్ళాను. ఈశ్వరమ్మ అని, నలభై ఐదేళ్ళుంటాయి, వాకిట్లో పల్లీలు వొలుస్తోంది. ఆమె డ్రమ్ము మూత తీసి లోపలికి చూసుకుని రెండు బిందెలు పట్టింది. ఒక బిందె తనే మోసుకొచ్చింది.

"ఉప్పెందుకు?" అని అడిగింది. చెప్పాను. విని, గుంతలో నీళ్ళు ఇంకిపోతుంటే చూస్తూ నిలబడింది.

"మా ఆయన గట్లనే పోయిండు. స్టార్టర్ డబ్బ కాడ. మడికి నీళ్ళు పెట్టనీకె పోయి, తడి చేత్తోని ముట్టిండు. నాలుగేండ్లయింది."

"ఇప్పుడు మోటారు ఎవరు వేస్తారు?"

"ఇంకెవరు? నా బిడ్డ వేస్తది. కట్టెతోని వేస్తది, చెయ్యి పెట్టదు."

మధ్యాహ్నం పన్నెండు. ఆటకు ఇంకా చాలా టైముంది. కుర్మయ్యన్నకు చెప్పి, టెస్టు ల్యాంపు, అదనపు రాడ్డు, సుత్తి తీసుకుని ఆమె, ఆమె కూతురి వెంట పొలానికి వెళ్ళాను. ఊరికి కిలోమీటరు. కంచె రాయికి బిగించిన తుప్పు డబ్బా. పక్క రైతు సాయంతో బోరు గట్టున తడిమట్టిలో రాడ్డు దిగ్గొట్టి, ల్యాంపు పెట్టాను. బల్బు వెలిగింది. పట్టపగటి ఎండలో కూడా తెలిసేంతగా వెలిగింది. ఈశ్వరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కుంది.

పక్క రైతు ఫ్యూజులు పీకాడు. డబ్బా తెరిచి చూస్తే లోపల ఒక తీగ తొడుగు ఎలుక కొరికినట్టుంది, రేకుకు ఆనుకుని ఉంది. ఆ ముక్క కోసేసి కొత్త తీగ వేసి, డబ్బాను రాడ్డుకు గట్టిగా కట్టాను. ఫ్యూజులు పెట్టించి మళ్ళీ ల్యాంపు ఆనించాను. వెలగలేదు. ఆ పిల్ల కట్టె పట్టుకుని నిలబడి ఉంది. వద్దన్నాను, ముందు నేను వేలి వెనక భాగం ఆనించాను, తర్వాత తను. మోటారు వేసింది. నీళ్ళొచ్చాయి.

తిరిగొస్తూ సాయంత్రం ఆటకు రమ్మని పిలిచాను. ఏం ఆట అని అడిగింది. బోరు కోసం అన్నదమ్ముల కొట్లాట, నవ్వించే ఆటే అన్నాను.

"నవ్వనీకె బోరే దొరికిందా మీకు?" అంది. తిట్టినట్టు కాదు, అడిగినట్టే. "నేను రాను బిడ్డా. నా పిల్లను పంపిస్త."

ఒడినిండా పచ్చి పల్లీలు పోసి పంపింది. జయ గారికి ఆమె మాట చెప్పాను. ఆ సాయంత్రం రాఘవ గారు పంపును పట్టుకునే ముందు స్టార్టరు డబ్బా దగ్గర ఒక క్షణం ఆగి, చేయి కండువాకు తుడుచుకున్నారు. అది జయ గారు చెప్పి పెట్టించిన మార్పు. జనం నవ్వలేదక్కడ. తర్వాతి ఊళ్ళలోనూ అది అలాగే ఉండిపోయింది.

నాగర్‌కర్నూల్

ఇక్కడ బస, భోజనం అన్నిట్లోకీ బాగున్నాయి. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూరంటే మన గోంగూరే. నా ఆవకాయ డబ్బా ఇక్కడితో ఖాళీ అయింది, ఎక్కువ తిన్నది డ్రైవరు.

హాలు చూసుకునే ఆయన నన్ను దాటుకుని కుర్మయ్యన్న దగ్గరికి వెళ్ళి, "సార్, ప్లగ్గులు ఎక్కడ కావాలె?" అని అడిగాడు.

"నాకేం తెల్వదు. సార్ ఆమె" అన్నాడు కుర్మయ్యన్న, నన్ను చూపించి. ఆత్మకూరు తర్వాత నా గురించి ఆయన అన్న మొదటి మాట అది. హాలాయన నన్ను పైకీ కిందికీ చూసి, "మేడమ్" అని మొదలుపెట్టి, మధ్యలో మళ్ళీ "సార్" అనేశాడు.

ఆటకు ముందు ల్యాంపు పెట్టి అన్నీ చూశాను. కానీ రాఘవ గారు నన్ను అడగలేదు. ఘణపూర్‌లో అడిగినట్టే, సౌండు బల్ల దాకా నడిచి వెళ్ళి, "అన్నా, అయిందా?" అని కుర్మయ్యన్ననే అడిగారు. కుర్మయ్యన్న నావైపు చూస్తే నేను తలూపాను. ఆయన అటు తిరిగి తలూపాడు. అలా నా మాట ఆయన తలమీదుగా వెళ్ళింది.

తిమ్మాజిపేట

చివరి ఊరు. కుర్మయ్యన్న అక్క పక్క పల్లె నుంచి ఇంటిల్లిపాదితో ఆటోలో దిగింది. తమ్ముడు ఇన్నేళ్ళుగా నాటకాల్లో ఉన్నాడని తెలుసు కానీ ఏం చేస్తాడో ఆమెకు తెలియదు.

"ఏషం గడ్తవా?" అని అడిగింది.

"లేదక్కా, ఎనక ఉంట."

"ఎనక ఉండి ఏం జేస్తవు?"

జయ గారు విని, "ఈ ఒక్కపూట సౌండు నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి అక్క పక్కన కూర్చో కుర్మయ్యా" అన్నారు. ఆయన ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. సంచీలోంచి తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. నల్లచొక్కా లేకుండా ఆయన్ను చూడటం నాకదే మొదలు. మొదటి వరుసలో, అక్కకూ ఆమె మనవరాలికీ మధ్య, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆట మొదలుపెట్టడానికి వచ్చిన పెద్దమనిషికి ఇంకో ఊళ్ళో పనుంది. దీపం వెలిగించేశాడు, మాట్లాడేశాడు, మొదటి సీను చూసి వెళ్తానన్నాడు. మైదానం నిండింది.

రాఘవ గారు వేషంతో మెట్ల దగ్గరికొచ్చారు. ఉత్తకాళ్ళు, పంచె, ఎడమ చేతికి పలచని కట్టు. అలవాటుగా సౌండు బల్లవైపు చూశారు. అక్కడ జయ గారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నారు. కుర్మయ్యన్న జనంలో ఉన్నాడు. నేను మెట్ల కింద ల్యాంపు పట్టుకుని ఉన్నాను. ఆయన కొంచెం సేపు నిలబడి, నా దగ్గరికొచ్చారు.

"ప్రసన్నా, అయిందా?"

"ఇంకా లేదండీ. పంపు చూశాను. స్టార్టరు డబ్బా, ఈ మెట్ల కమ్మీ మిగిలాయి. పది నిమిషాలు."

వెనకనుంచి ఏర్పాట్లు చూసే ఆయన పరుగున వచ్చాడు. "అమ్మా, సార్‌కు లేటయితున్నది. జనం పరేషాన్ చేస్తుండ్రు. ఏం గాదు, మొదలువెట్టుండ్రి."

"లేదండీ, ఇంకా చూడలేదు" అన్నాను.

రాఘవ గారు ఆయనవైపు తిరిగారు. "ఆమె అయిందనే దాకా నేను ఎక్కను" అన్నారు. పక్కనున్న లైట్ల పెట్టె మీద కూర్చుని, "టీ దొరుకుతుందా?" అని అడిగారు.

టీ వచ్చింది. నేను డబ్బాకు ల్యాంపు ఆనించాను, మూడుచోట్ల. కమ్మీకి పైనా కిందా ఆనించాను. వైర్లన్నిటి వెంటా చేత్తో తడుముకుంటూ చివరిదాకా వెళ్ళొచ్చాను. బల్బు వెలగలేదు. జనం ఈలలు వేస్తూనే ఉన్నారు. పెద్దమనిషి లేచి వెళ్ళిపోయాడు, కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. పదకొండు నిమిషాలు పట్టింది.

"అయిందండీ. ఎక్కండి."

రాఘవ గారు చివరి గుక్క తాగి, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, కట్టున్న చేత్తోనే కమ్మీ పట్టుకుని మెట్లెక్కారు.